కొండ దగ్గర తొందర పనికిరాదు

భిలాయి ఉక్కునగరంలోని సెక్టర్ 2 సముద్రమట్టానికి సుమారు మూడువందల మీటర్ల ఎత్తున ఉన్నది. చుట్టూ చదును నేల. ఉత్తరాంధ్ర నుండి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు మంచుకొండలను ఎక్కువగా క్యాలెండరు బొమ్మలలోనే చూస్తాయి. కాని ఆ కొండలు అనుకున్నంత దూరాన లేవు. దుర్గ్ నుండి నౌతన్వాకు రైలున్నది. నౌతన్వా నుండి సునౌలీ సరిహద్దు కొద్ది కిలోమీటర్లే. సరిహద్దు దాటితే భైరహవా. అక్కడి నుండి బస్సులో పోఖరా, అనగా అన్నపూర్ణ పర్వతాల ముంగిలి. భారతీయులకు నేపాల్‌లో వీసా అవసరం లేదు. పాస్‌పోర్టు గాని, ఓటరు గుర్తింపు కార్డు గాని వెంట ఉండాలి. ఆధార్ కార్డు ఒక్కదానినే నమ్ముకొని బయలుదేరరాదు. అన్నపూర్ణ సంరక్షిత ప్రాంతంలో ప్రవేశించడానికి అనుమతిపత్రం తీసుకోవాలి. సార్క్ దేశాల వారికి ఆ రుసుము ఇతర విదేశీయులకన్న తక్కువ.

దారి ఇంత సులభం కావడంలోనే చిక్కున్నది. తిరుగు ప్రయాణపు టిక్కెట్టు, సెలవు ముగిసే తేదీ ముందే నిశ్చయమై ఉంటాయి. మిగిలిన రోజులలో వీలైనంత ఎత్తు ఎక్కి రావాలన్న ఆరాటం మనిషిని తరుముతుంది. పూర్వం మనాంగ్ చేరడానికి రోజుల తరబడి నడిచేవారు. ఇప్పుడు జీపు పోతున్నది. 760 మీటర్ల ఎత్తులోని బేసిసహర్‌లో ఎక్కినవాడు ఒకటి రెండు రోజులలో 3,540 మీటర్ల మనాంగ్‌లో దిగుతాడు. శరీరానికి ఆ సంగతి ఆలస్యంగా తెలుస్తుంది.

ఎత్తున గాలిలో ప్రాణవాయువు పాలు మారదు, గాలి ఒత్తిడి తగ్గుతుంది. 5,416 మీటర్ల థోరంగ్ లా కనుమ వద్ద అది సముద్రతీరంలో ఉండేదానిలో దాదాపు సగమే. మొదట తలనొప్పి, పిదప ఆకలి మందగించడం, వికారం, నిద్రలేమి. ఉక్కు కార్మికునికి ఈ వరుస కొత్తది కాదు. బ్లాస్ట్ ఫర్నేసు గ్యాసులోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. అది మొదట తలనొప్పిగానే తెలుస్తుంది. 2014 జూన్‌లో భిలాయి కర్మాగారంలో ఆ వాయువు వెలువడి ఆరుగురు మరణించారు. గ్యాసు ఉన్నచోట తల నొస్తున్నదంటే ఎవరూ బిళ్ల వేసుకొని పని సాగించరు, బయటి గాలిలోకి పోతారు. కొండమీద బయటి గాలి అంటే కింది ఊరు.

తలనొప్పితో పైకి పోరాదు. తగ్గేవరకు ఉన్నచోటనే ఆగాలి. తగ్గక ముదిరితే దిగాలి. నడక తూలినా, మాట తడబడినా, కూర్చున్నప్పుడు సైతం ఆయాసం వచ్చినా తెల్లవారేదాకా వేచి ఉండరాదు. తోడు ఇచ్చి వెంటనే దింపాలి. మెదడులోనో ఊపిరితిత్తులలోనో నీరు చేరుతున్నదనడానికి ఇవి గుర్తులు. బలిష్ఠులకు ఈ జబ్బు రాదనుకోవడం పొరపాటు. వేగంగా ఎక్కగలిగినవాడే ముందుగా దీని వాత పడవచ్చు. డోంగర్‌గఢ్ బమ్లేశ్వరీ దేవి కొండకు వేయికి పైగా మెట్లున్నాయి. వాటిని నెలరోజులు ఎక్కి దిగితే మోకాళ్లు గట్టిపడతాయి, కొత్త బూట్లు కాలికి అలవాటు పడతాయి. అంతకుమించి ఆశించరాదు.

వైద్యుల సూత్రం సులభమైనది. మూడువేల మీటర్లు దాటాక ఏ రాత్రి పడకా అంతకు ముందు రాత్రి పడకకన్న అయిదువందల మీటర్లకు మించి ఎత్తున ఉండరాదు. మూడు నాలుగు రోజులకొకసారి ఒకేచోట రెండు రాత్రులు ఉండాలి. అసిటజోలమైడ్ బిళ్లలు కొంత తోడ్పడతాయి. కాని వాటిని బయలుదేరక ముందే వైద్యుని అడిగి తీసుకోవాలి. సల్ఫా మందులు పడనివారు ఆ విషయం తప్పక చెప్పాలి. నడక రుతువులలో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వైద్యులు మనాంగ్‌లో ఉంటారు. వారిని చూడడానికి జబ్బుపడేదాకా ఆగనక్కరలేదు.

మూటలు మోసే కూలీలందరూ ఎత్తు ప్రదేశాలవారు కారు. పలువురు పల్లపు ఊళ్లనుండి వచ్చినవారే. వారికీ తల నొస్తుంది. కూలి పోతుందన్న భయంతో చెప్పరు. వారికి వెచ్చని దుస్తులున్నవో లేవో చూడడం, రోజుకొకసారి ఆరోగ్యం అడగడం యాత్రికుని బాధ్యత.

వాతావరణం విషయంలో తెలుగువారికి ఒక ప్రత్యేకమైన జ్ఞాపకమున్నది. 2014 అక్టోబరు 12న విశాఖను ధ్వంసం చేసిన హుద్‌హుద్ తుపాను అక్కడితో ఆగలేదు. బలహీనపడి ఉత్తరానికి సాగి, రెండు రోజులకు అన్నపూర్ణ, ధవళగిరి ప్రాంతాలపై మంచుగా కురిసింది. నలభైమందికి పైగా మరణించారు. థోరంగ్ లా కనుమ వద్ద పలువురు ఆ మంచులోనే దిగబోయి దారి తప్పారు. అక్టోబరు, నవంబరు నెలలు నడకకు శ్రేష్ఠమైనవే. అవి బంగాళాఖాతపు తుపానుల నెలలు కూడా. తీరంలో హెచ్చరిక వెలువడిందని తెలిస్తే, ఆకాశం ఎంత నిర్మలంగా ఉన్నా, కనుమకు ఈవలి ఊరిలోనే ఉండిపోవాలి.

కాబట్టి సెలవు పెట్టేటప్పుడే నడకకు అవసరమైన రోజులకు తోడు మూడు నాలుగు రోజులు అదనంగా కలపాలి. అది వీలుకాకపోతే థోరంగ్ లా ఊసు మాని, 3,210 మీటర్ల పూన్‌హిల్‌తో తృప్తిపడడం మేలు. ఘోరేపానీలో రాత్రి బసచేసి తెల్లవారుజామున ఎక్కితే ధవళగిరి మీద పడే తొలి ఎండ చూడవచ్చు. బీమా పత్రంలో హెలికాప్టరు ఖర్చు ఉన్నదో లేదో, ఎన్ని మీటర్ల ఎత్తువరకు వర్తిస్తుందో చదువుకోవాలి. ఆ వాక్యం సాధారణంగా సన్నని అక్షరాలలో ఉంటుంది.