క్యాన్సర్ పరిశోధనలో టెక్నీషియన్ పాత్ర

పన్నెండవ తరగతిలో విజ్ఞానశాస్త్రము చదివిన బిడ్డకు వైద్యకళాశాలలో సీటు దొరకనిచో, మన మాజ్రిలో పలువురు తల్లిదండ్రులు నిరాశ చెందుచుందురు. వ్యాధులను జయించు యత్నములో డాక్టరుకును, శాస్త్రజ్ఞునకును కుడిభుజమై నిలుచు మరియొక వృత్తి కలదు. అదియే లాబొరేటరీ టెక్నీషియన్ వృత్తి.

క్యాన్సర్ అనగా శరీరములోని కణములు అదుపు తప్పి పెరుగుట. దానిని నిర్ధారించుటకు అనుమానమున్న చోటునుండి చిన్న ముక్కను తీయుదురు. టెక్నీషియన్ దానిని చెడకుండ ఫార్మలిన్‌లో ఉంచి, మైనములో పొదిగి, మైక్రోటోమ్ అను యంత్రముతో 4, 5 మైక్రానుల పొరలుగా కోయును. మైక్రాన్ అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. ఆ పొరలకు రంగులద్దిన పిమ్మటనే డాక్టరు సూక్ష్మదర్శినిలో కణముల తీరు చూడగలడు. పరిశోధనాలయములలో సజీవకణములను 37 డిగ్రీల వెచ్చదనమున పెంచి, కొన్నిటికి మందు వేసి, కొన్నిటికి వేయక, రెంటిని పోల్చి చూతురు. ఒక సీసాపై పేరు తారుమారైనచో నెలల శ్రమ వ్యర్థమగును. ఒక రోగి ముక్కపై చీటీ మారినచో ప్రాణమునకే ముప్పు.

భూగర్భగనిలో వాయువును పరీక్షించి, కనుగొన్నదానిని పుస్తకములో వ్రాయువారి విలువ మన యిండ్లలో తెలియనిది కాదు. చూడకయే 'బాగున్నది' అని వ్రాసినచో ఎంతటి అనర్థము! ప్రయోగశాలలోను ధర్మమదియే.

ఇట్టి కొలతల విలువకు మన తెలుగువారి చరిత్రలోనే నిదర్శనము కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని హార్వర్డులో ఫిస్కేగారితో కలసి, రక్తము మొదలగువానిలో భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. భాస్వరము హెచ్చినకొలది ద్రావణము నీలివర్ణము చిక్కబడును; ఆ రంగునుబట్టి లెక్క కట్టుదురు. ఆయన తొలి కీర్తి ఈ కొలతవలననే కలిగినది. అనంతరము లెడర్లీ సంస్థలో ఆయన నాయకత్వమున పనిచేసిన బృందము ఫోలిక్ ఆమ్లమును, దాని పనిని అడ్డగించు అమినోప్టెరిన్‌ను తయారుచేసినది. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ ఆ మందును రక్తక్యాన్సర్ సోకిన 16 మంది పిల్లలకు ఇచ్చి, 10 మందికి తాత్కాలికముగా మేలు కలిగినట్లు 1948లో ప్రకటించెను. ఆ మేలు రక్తపరీక్షలు, మజ్జపరీక్షలు చేసి కణములను లెక్కించుటవలననే రుజువైనది. సుబ్బారావుగారు ఆ సంవత్సరమే ఆగస్టులో పరమపదించిరి. అదే కుటుంబమునకు చెందిన మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలో నున్నది.

ఈ వృత్తికి పన్నెండవ తరగతి పిదప మెడికల్ లాబొరేటరీ టెక్నాలజీలో డిప్లొమా గాని, బి.యస్‌సి. గాని చదువవలెను. పరిశోధనాలయములలో పట్టభద్రులకు అవకాశములు హెచ్చు. మన రాష్ట్రముననే 1941లో ముంబయిలో స్థాపితమైన టాటా స్మారక వైద్యాలయము, ఖార్ఘరులోని దాని పరిశోధనా కేంద్రము కలవు. రసాయనముల ఘాటు, అంటురోగముల భయము కలదు గనుక చేతితొడుగులు, శుభ్రత తప్పనిసరి.

బిడ్డను ఈ మార్గమున పంపదలచిన తల్లిదండ్రులు మార్కులతోపాటు మరియొకటి గమనింపవలెను: పాఠశాల ప్రయోగములో జవాబు పుస్తకములోని దానికి సరిపోనప్పుడు, మన బిడ్డ అంకెను దిద్దుచున్నాడా, తిరిగి కొలుచుచున్నాడా? తిరిగి కొలుచు బిడ్డకే ఈ వృత్తి తగును.