కొన్నది ఎట్లుందో రాద్దాం

మనం కష్టపడి సంపాదించిన డబ్బుతో వస్తువు కొంటాం. "ఎట్లుందక్కా?" అని పక్కింటివాళ్లు అడుగుతారు. "బాగుంది" అంటాం. లేదంటే "ఏం బాగాలేదు" అంటాం. మాట అంతటితో అయిపోతుంది.

ఈ ఒక్క మాటతో అడిగినవాళ్లకు ఏం తెలిసింది? ఏమీ తెలియలేదు. అదే విషయాన్ని వివరంగా రాసి పత్రికకు పంపితే పది ఊర్లవాళ్లు చదువుతారు. వాళ్ల డబ్బు వృథా కాకుండా ఉంటుంది.

రాయడానికి పెద్ద చదువులు అక్కరలేదు. చిత్తూరు జిల్లాలో 2001లో 'నవోదయం' అనే పత్రిక వచ్చింది. పల్లెల్లోని ఆడవాళ్లే దానికి విలేకరులు. కళ్లతో చూసినదాన్ని తేట మాటల్లో రాస్తే చాలు.

వాడి చూసి రాయాలి

పులివెందులలో ఒక ఇల్లాలు ప్రెషర్ కుక్కర్ కొనిందనుకుందాం. కొన్న రోజే రాస్తే ఏం రాస్తుంది? తళతళ మెరుస్తోందని రాస్తుంది. ఆరు నెలలు వాడినాక ఇట్లా రాయగలదు:

"మా ఇంట్లో ఐదుగురం. 5 లీటర్ల కుక్కర్ కొన్నాం. వెల 1,600 రూపాయలు. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉంది. ఆరు నెలలుగా రోజూ రెండుసార్లు వాడుతున్నాం. కందిబేడలు నాలుగు విజిళ్లకు ఉడుకుతున్నాయి. నాలుగో నెలలో పిడి వదులైంది. అంగడికి తీసుకుపోతే డబ్బు తీసుకోకుండా బిగించిచ్చినారు. మూత రబ్బరు మా పల్లెలో దొరకదు. పులివెందులకు పోవాల్సిందే. ఐదారుగురున్న ఇంటికి ఇది సరిపోతుంది. పదిమందికి చాలదు."

ఇందులో మంచి ఉంది, చెడ్డ కూడా ఉంది. ఎవరికి సరిపోతుందో కూడా ఉంది. చదివినవాళ్లు కొనాలా వద్దా అని తామే తేల్చుకుంటారు.

లెక్కపెట్టి రాయాలి

జమ్మలమడుగు వైపు నల్లరేగడి చేలల్లో పప్పుశనగ వేస్తారు. నేలలో పదును ఉన్నప్పుడే విత్తాలి. విత్తనం మొలవకపోతే అప్పటికి పదును ఆరిపోతుంది. రైతు ఒక పంట కాలమే పోగొట్టుకుంటాడు.

అందుకే విత్తే ముందే చూసుకోవాలి. సంచిలో నుంచి ఏరకుండా 100 గింజలు తీసుకోవాలి. తడిపిన గోనెపట్టలో పరిచి చుట్టాలి. పట్ట ఆరిపోకుండా నీళ్లు చల్లుతుండాలి. వారం తర్వాత విప్పి, మంచి మొలకలను లెక్కపెట్టాలి. ధృవీకరించిన పప్పుశనగ విత్తనమైతే 100కు 85 అయినా మొలవాలి. అలాంటి సంచికి నీలం రంగు చీటీ ఉంటుంది.

"విత్తనం బాగా మొలిచింది" అని రాస్తే అది ఒక అభిప్రాయం. "100కు 91 మొలిచాయి" అని రాస్తే అది లెక్క. అనుమానం ఉన్నవాళ్లు తామూ లెక్కపెట్టి చూసుకోవచ్చు.

కంటికి కనిపించనిది ఊహించి రాయకూడదు

ప్రొద్దుటూరు బంగారు అంగళ్లకు పేరుపొందిన ఊరు. నగ పనితనం కంటికి కనిపిస్తుంది. బంగారం ఎంత స్వచ్ఛమో కంటికి కనిపించదు. "మేలిమి బంగారం" అని మనమే రాసేయకూడదు. నగ మీద ఉన్న గుర్తులను చూసి రాయాలి.

హాల్‌మార్కు నగ మీద బి.ఐ.ఎస్. గుర్తు ఉంటుంది. 22 క్యారట్లదైతే 916 అని ఉంటుంది. అంటే 1000 పాళ్లలో 916 పాళ్లు బంగారం అని అర్థం. 2021 నుంచి ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన సంఖ్య కూడా వేస్తున్నారు. సెల్‌ఫోన్‌లో 'బి.ఐ.ఎస్. కేర్' యాప్ తెరిచి ఆ సంఖ్య కొడితే నగ వివరాలు వస్తాయి.

ఎవరి పక్షానా రాయకూడదు

అంగడాయన ఒక వస్తువు ఊరికే ఇచ్చి "మంచిగా రాయమ్మా" అంటే తీసుకోకూడదు. తీసుకుంటే చెడ్డ రాయడానికి చేయి ఆడదు. అమెరికాలో 1936లో వస్తువులను పరీక్షించి రాసే 'కన్స్యూమర్ రిపోర్ట్స్' పత్రిక మొదలైంది. వాళ్లు వస్తువులను తామే డబ్బు పెట్టి అంగట్లో కొంటారు. కంపెనీల ప్రకటనలు వేసుకోరు. అందుకే చదివేవాళ్లకు ఆ పత్రిక మీద నమ్మకం.

కోపంతో కూడా రాయకూడదు. ఒక్క కుక్కర్ పాడైతే "ఆ కంపెనీవాళ్లంతా దొంగలు" అనరాదు. ఏం పాడైందో, ఎప్పుడు పాడైందో, అంగడివాళ్లు ఏమన్నారో రాస్తే చాలు.

నష్టం జరిగితే రాసి ఊరుకోనక్కర లేదు. వినియోగదారుల రక్షణకు 1986లో చట్టం వచ్చింది. దాని స్థానంలో 2019లో కొత్త చట్టం చేసినారు. 1915 నంబరుకు ఫోన్ చేసి సలహా అడగవచ్చు, ఫిర్యాదు చెప్పవచ్చు. రసీదు ఉంటే మన మాటకు బలం. అందుకే కొన్న ప్రతిసారీ రసీదు అడిగి తీసుకోవాలి, దాచుకోవాలి.

ఆలోచించండి – రాయండి

1. ఈ ఏడాది మీ ఇంట్లో కొన్న ఒక వస్తువు పేరు, వెల, కొన్న తేదీ రాయండి.
2. దానిలో ఒక మంచి, ఒక లోపం రాయండి.
3. అది ఎలాంటి ఇంటికి పనికొస్తుందో, ఎవరికి పనికిరాదో రాయండి.
4. రాసింది నలుగురిలో చదవండి. వాళ్లు ఇంకా ఏం అడుగుతారో విని, ఆ జవాబులు కూడా కలపండి.