కళావిద్యయు మతనియమమును

పాట నేర్చిన విద్యార్థి పట్టము పుచ్చుకొన్న మరునాడు దేనితో బ్రదుకవలెను? అమెరికాలో టెనెసీ రాష్ట్రమందలి నాష్‌విల్ నగరమున, 1951లో బాప్టిస్టుల యాజమాన్యమున వెలసిన బెల్మాంట్ క్రైస్తవ విశ్వవిద్యాలయము ఈ ప్రశ్నను తప్పించుకొనలేదు. అచ్చట 1970 తరువాతి దశాబ్దమునుండి సంగీతవ్యాపారమును పాఠముగా జెప్పుచున్నారు. ధ్వనిముద్రణము, ఒడంబడికలు, కాపీరైటు హక్కులు అన్నియు నందులోనివే. 2001లో ఆ విద్యాలయము కొన్న ఓషన్ వే ముద్రణశాల పూర్వమొక చర్చి. ప్రార్థన జరిగిన చోట నేడు కూలికి పాడుచున్నారు. ఇందు మాకు దోషము తోపదు.

దోషము వేరొకచోట తోచినది. 1885 నాటి వాట్కిన్స్ చిత్రకళాశాలను 2020లో తనలో గలుపుకొనునపుడు, క్రైస్తవులుగాని యుపాధ్యాయులను జేర్చుకొనబోమని బెల్మాంట్ ప్రకటించెను. అలజడి చెలరేగెను. పిదప ఆ మాట సడలించి, వాట్కిన్స్ ఉపాధ్యాయులలో నన్యమతస్థుల విషయమును గూడ ఆలోచింతుమనెను. తమ సొమ్ముతో నడుపుకొను సంస్థకు తమ నియమము కూడదా యని కొందరందురు. కూడునని మేమును ఒప్పుకొందుము. అయినను ఏండ్ల తరబడి కుంచె పట్టించిన గురువును, విలీనమునాడు నీ దేవుడెవరని యడుగుట న్యాయమా? శిష్యుడు రేపు కొలువు చేయబోవు ముద్రణశాలలో ప్రక్కన వీణ మీటువానిని ఆ ప్రశ్న యెవ్వరు నడుగరు.