ఒకే ల్యాగ్, మూడు జవాబులు: మీరు ఏ రకం ప్రోగ్రామర్?

పోయిన వారం మా బాబాయ్ కొడుకు ఫోన్ చేశాడు. బీటెక్ ఫైనలియర్. "అన్నా, ఫుల్ స్టాక్ నేర్చుకోనా, డేటా సైన్సా? దేనికి ప్యాకేజీ ఎక్కువ?" అన్నాడు. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా. మీలోనూ చాలామందికి ఇదే డౌట్ ఉంటుంది కదా.

అమీర్‌పేట హాస్టల్లో మేం నలుగురం ఒకే రూమ్. ఒకే జావా కోర్సు, ఒకే జిరాక్స్ నోట్స్. ఈమధ్య కలిసినప్పుడు రివ్యూకి వచ్చిన ఒక బడ్జెట్ ఫోన్ వాళ్ల ముందు పెట్టాను. ఒక చాటింగ్ యాప్‌లో స్క్రోల్ చేస్తుంటే మధ్యమధ్యలో ఆగుతోంది. "ఎందుకురా ఇలా?" అని అడిగాను.

స్క్రీన్ మనిషి

మొదటివాడు ఆండ్రాయిడ్ యాప్స్ రాస్తాడు. 2017లో గూగుల్ కోట్లిన్‌కి సపోర్ట్ ప్రకటించాక జావా వదిలి అటు వెళ్లాడు. "120 హెర్ట్జ్ స్క్రీన్ కదా, ఒక్కో ఫ్రేముకి ఉండేది 8.3 మిల్లీసెకన్లే. ఆ టైమ్‌లో మెయిన్ థ్రెడ్ మీద ఫొటోలు డీకోడ్ చేస్తున్నట్టున్నారు" అన్నాడు. వేలి కింద లిస్టు సాఫీగా కదలకపోతే వాడికి నిద్రపట్టదు.

సర్వర్ మనిషి

రెండోవాడు ఫోన్ ముట్టుకోనేలేదు. "నెట్ ఆపి చూడు" అన్నాడు. వాడి లోకం బ్యాకెండ్. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీల కోసం ఎరిక్సన్‌లో పుట్టిన ఎర్లాంగ్ భాషతో వాట్సాప్ కోట్లమందికి మెసేజ్‌లు ఎలా చేరవేసిందో చెప్పమంటే టీ చల్లారిపోయినా ఆపడు.

కెర్నల్ మనిషి

మూడోవాడు ఫోన్ వెనక అరచెయ్యి పెట్టి చూశాడు. "వేడెక్కిందిరా. ప్రాసెసర్ స్పీడ్ తగ్గించేసి ఉంటుంది" అన్నాడు. వాడు సీ భాషలో డ్రైవర్లు రాస్తాడు. హెల్సింకిలో చదువుకుంటూ లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లినక్స్ కెర్నలే ఇవాళ ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్ అడుగున ఉంది. బటన్ ఏ రంగులో ఉందో వాడికి పట్టదు. లాగ్‌లో ఒక్క లైను కోసం మాత్రం రెండు రోజులు కూర్చుంటాడు.

మరి ఎవరు కరెక్ట్?

నెట్ ఆపాను, ఆగుతూనే ఉంది. ఫోన్ చల్లారాక చూశాను, కొంచెం తగ్గింది కానీ పోలేదు. పర్‌ఫెట్టోతో ట్రేస్ తీస్తే, ఫొటోలు వచ్చిన ప్రతిచోటా ఫ్రేములు మిస్సవుతున్నాయి. అంటే ఎక్కువ మార్కులు మొదటివాడికి, కొన్ని మూడోవాడికి.

అప్పుడు రెండోవాడు నవ్వి, "గెస్ చేసింది మేమురా, తేల్చింది నువ్వు" అన్నాడు.

ఆ మాట నాకు బాగా తగిలింది. ఎందుకంటే చదువయ్యాక నేను మూడేళ్లు రిపోర్టుల బ్యాకెండ్ రాశాను. రోజూ పొద్దున్నే లాప్‌టాప్ తెరవాలంటే నీరసం. నాకు బుర్ర లేదేమో అనుకున్నాను. కానీ ఎవరో రాసిన యాప్‌ని కొలవడం, విరగ్గొట్టడం, ఎక్కడ విరిగిందో చూపించడం అంటే టైమే తెలిసేది కాదు. టెస్టింగ్, పెర్ఫార్మెన్స్ అనేవి కూడా ఒక స్పెషాలిటీయేనని, కోడింగ్ రానివాళ్లకి మిగిలే పని కాదని అప్పట్లో నాకెవరూ చెప్పలేదు.

కోర్సుకి ఫీజు కట్టేముందు

తమ్ముడికి చెప్పింది ఇంతే. నాలుగు వీకెండ్లు తీసుకో. ఒకదాంట్లో చిన్న యాప్ స్క్రీన్ చెయ్యి. ఇంకోదాంట్లో చిన్న సర్వర్ రాయి. మూడోదాంట్లో పాత ఫోన్‌కి కస్టమ్ రామ్ ఎక్కించు. నాలుగోదాంట్లో ఫ్రెండ్ రాసిన యాప్‌లో పది బగ్గులు పట్టు. పని ఆగిపోయినప్పుడు దేన్ని వదిలేసి పడుకోలేకపోయావో గుర్తుపెట్టుకో. ఏ ఫీల్డ్‌లోనైనా ఎక్కువ టైమ్ గడిచేది ఇరుక్కుపోయిన చోటే.

"మరి ప్యాకేజీ?" అన్నాడు మళ్లీ. ప్యాకేజీ ముఖ్యమే. ఇంట్లో అప్పులుంటే ముందు దొరికిన జాబ్‌లో చేరిపో, తప్పు లేదు. కానీ అందులో నీరసం వస్తే నీకు బుర్ర లేదని మాత్రం అనుకోకు. అది నీ బెంచీ కాదేమో, అంతే.

ఆ రాత్రి పదకొండింటికి వాడి మెసేజ్: "అన్నా, నీ దగ్గర పాత ఫోన్ ఏదైనా ఉందా? పాడైపోయినా పర్లేదు కదా?"