మెయిన్‌ఫ్రేమ్‌పై లినక్స్: స్థాపన, నిర్వహణ

కంప్యూటరు అనగానే నేటి విద్యార్థి కన్నుల ముందు నిలిచేది బల్లమీది చిన్న యంత్రమో, ఒడిలో ఇమిడే ల్యాప్‌టాపో, లేక అరచేతిలోని ఫోనో. వీటన్నిటికీ పెద్దన్న వంటి యంత్రం మరొకటి ఉన్నదనీ, ప్రపంచంలోని పెద్ద బ్యాంకులు, బీమా సంస్థలు, విమాన సంస్థలు ఎన్నో తమ లెక్కలను నేటికీ దానిపైనే నడుపుకొంటున్నవనీ ఎరిగినవారు మన తరగతులలో కొద్దిమందే ఉంటారు. దాని పేరు మెయిన్‌ఫ్రేమ్. దానిపై లినక్స్ అనే స్వేచ్ఛా నిర్వహణ వ్యవస్థను ఏ విధంగా నెలకొల్పుతారో, నెలకొల్పిన పిమ్మట ఏ విధంగా కాపాడుకొంటారో తెలియజేయడమే ఈ వ్యాసం ఉద్దేశం. కోట్ల రూపాయల యంత్రంతో వీర్నపల్లి విద్యార్థికి పని ఏమిటన్న ప్రశ్న తప్పక వస్తుంది. దానికి సమాధానం చివరకు గాని చెప్పలేను. పాఠకులు అంతవరకు ఓపిక పట్టవలసిందిగా కోరుతున్నాను.

మెయిన్‌ఫ్రేమ్ అన్న మాట తెలుగువారికి కొత్తది కాదు. 1967లో హైదరాబాదులో ఏర్పడిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ 1969లోనే టి.డి.సి.-12 అనే కంప్యూటరును నిర్మించింది. అయితే అది మెయిన్‌ఫ్రేమ్ కాదు, చిన్న తరగతి యంత్రం. 1978లో ఐ.బి.ఎం. సంస్థ మన దేశం విడిచి వెళ్ళినపుడు, ఇక్కడ మిగిలిన దాని యంత్రాల సంరక్షణ భారాన్ని ప్రభుత్వ సంస్థ అయిన సి.ఎం.సి. స్వీకరించింది. ఆ తరువాత 1990 దశకంలో హైదరాబాదు అమీర్‌పేటలోని శిక్షణ సంస్థల బోర్డులపై మెయిన్‌ఫ్రేమ్ అన్న మాట ప్రముఖంగా కనిపించేది. కోబాల్, జె.సి.ఎల్., డి.బి.2 నేర్చుకొని, 2000 సంవత్సరపు తేదీల చిక్కును సవరించే పనిమీద ఎందరో తెలుగు యువకులు అమెరికా చేరుకొన్నారు. కాని వారిలో అధికులు నేర్చినది ఆ యంత్రంపై నడిచే ప్రోగ్రాములు వ్రాయడం మాత్రమే. లినక్స్ పాఠం వేరొక గదిలో, వేరొక ఫీజుపై జరిగేది. ఈ రెండు విద్యలు ఒకనాటికి ఒకే గదిలోకి వస్తాయని అప్పట్లో ఎవరూ అంతగా అనుకోలేదు.

అవి కలుసుకొన్నది సరిగ్గా ఆ తేదీల చిక్కు ముగియవచ్చిన నెలలోనే. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్‌ను మెయిన్‌ఫ్రేమ్‌కు తగినట్లు మార్చే ప్రయత్నాన్ని మొదట లినాస్ వెప్‌స్టాస్ అనే మరొకరు ‘బిగ్‌ఫుట్’ అన్న పేరుతో చేపట్టారు. ఈలోగా జర్మనీలోని బోబ్లింగెన్ ఐ.బి.ఎం. ప్రయోగశాల ఇంజనీర్లు కూడా అదే పని చేసి, తమ మార్పులను 1999 డిసెంబరులో లోకానికి విడుదల చేశారు. 2000లో సూసే సంస్థ మెయిన్‌ఫ్రేమ్ కొరకు తన లినక్స్‌ను అమ్మకానికి పెట్టింది. 1964 నాటి సిస్టమ్/360 వంశానికి చెందిన యంత్రంపై, ఒక విద్యార్థి తన గదిలో మొదలుపెట్టిన వ్యవస్థ నడవసాగింది.

ఒక్క లినక్స్ కొరకు అంత పెద్ద యంత్రం ఎందుకని అడుగవచ్చు. ఒక్కటి కాదు, ఒకే యంత్రంపై వందల లినక్స్‌లు. ఇది గ్రహించడానికి మనం సిరిసిల్ల దాటి పోనక్కరలేదు. సాంచెల కార్ఖానాలో ఒక్క కార్మికుడు పలు సాంచెలను చూచుకొంటాడు. ఒకదాని పోగు తెగితే అక్కడికి వెళ్తాడు, మరొకదాని కండె అయిపోతే ఇక్కడికి వస్తాడు. అన్ని సాంచెలూ ఒకే క్షణంలో అతనిని పిలువవు కనుక ఆ పని సాగుతుంది. మెయిన్‌ఫ్రేమ్‌లో ప్రాసెసరు ఆ కార్మికుడు, లినక్స్‌లు ఆ సాంచెలు. ఏ సాంచె వద్దకు ఎప్పుడు వెళ్ళాలో నిర్ణయించే మేస్త్రీ వంటిది జెడ్‌/వి.ఎం. అనే వ్యవస్థ. 1972లో వెలువడిన వి.ఎం./370కి ఇది వారసురాలు. ఒక్క యంత్రాన్ని అనేక కల్పిత యంత్రాలుగా చూపడం దీని విద్య. అందులో ప్రతి లినక్స్‌ను ‘గెస్ట్’, అనగా అతిథి అంటారు. ప్రతి అతిథీ యంత్రమంతా తనదేనని భ్రమపడుతుంది. 2000లో డేవిడ్ బోయెస్ అనే నిపుణుడు ఒక పరీక్షలో ఒకే మెయిన్‌ఫ్రేమ్‌పై 41,400 లినక్స్ అతిథులను లేపి నిలిపాడు. నిజమైన పనిలో అన్ని నిలువవు. అది యంత్రపు హద్దు చూడడానికి చేసిన ప్రయోగం.

ఇక స్థాపన సంగతి. మామూలు కంప్యూటరులో డిస్కునో పెన్‌డ్రైవునో పెట్టి మీట నొక్కుతాము. జెడ్‌/వి.ఎం.లో ముందుగా నిర్వాహకుడు అతిథుల పట్టికలో కొత్త అతిథి పేరు, సంకేతపదం, ఇవ్వదలచిన మెమరీ, డిస్కులు వ్రాసిపెడతాడు. దీనిని యూజర్ డైరెక్టరీ అంటారు. భూమి రికార్డులో పేరు ఎక్కనిదే పొలం దక్కనట్లు, ఇందులో లేనిది ఆ అతిథికి లేనట్లే.

తరువాతి మెట్టు చదివినపుడు నాకు నవ్వు, ఆశ్చర్యం రెండూ కలిగినవి. లినక్స్ కెర్నల్, దానికి చెప్పవలసిన ఆజ్ఞల చిన్న ఫైలు, ఆరంభంలో కావలసిన సామగ్రి గల మరొక ఫైలు, ఈ మూడింటినీ ఆ కల్పిత యంత్రం తాలూకు ‘కార్డ్ పంచ్’తో కల్పిత అట్టలపై రంధ్రాలుగా పొడిచి, ఆ అట్టల కట్టను కల్పిత ‘కార్డ్ రీడరు’లో పెట్టాలి! నిజమైన అట్ట ఒక్కటీ లేదు. కాని నియమాలన్నీ అట్టలవే. అట్టకు 80 గళ్ళు ఉండేవి కనుక ఫైలులోని ప్రతి వరుస సరిగ్గా 80 బైట్లు ఉండాలి. 80 గళ్ళ అట్టను ఐ.బి.ఎం. 1928లో తెచ్చింది. అంతకు ముందు 1890 అమెరికా జనాభా లెక్కలకు హోలెరిత్ అట్టలు వాడాడు. ఆయనకంటె ముందు, 1804 ప్రాంతంలో, ఫ్రాన్సులో జకార్డు అనే ఆయన మగ్గంపై పువ్వులు నేయడానికి రంధ్రాల అట్టలు వాడాడు. నేత పనివారి బిడ్డలు మన తరగతులలో ఉన్నారు. ఈ యంత్రపు పూర్వీకులలో ఒక మగ్గం కూడా ఉన్నదని వారు తెలుసుకోవాలి.

అట్టలు పొడిచేటపుడు ‘నోహెడర్’ అన్న మాట మరువరాదు. మరిస్తే ప్రతి ఫైలుకు ముందు ఒక పరిచయపు అట్ట అదనంగా చేరి కెర్నల్ లేవదు. అదే విధంగా కెర్నల్‌ను మన కంప్యూటరు నుండి పంపేటపుడు బైనరీగానే పంపాలి. ఆజ్ఞల ఫైలు మాత్రం అక్షరాలు గలది గనుక అక్షరంగానే పంపాలి. ఇది తారుమారైతే ఏమవుతుందో కొంచెం క్రింద చెబుతాను. మూడూ వరుసగా చేరిన తరువాత ‘ఐ.పి.ఎల్. 00సి’ అన్న ఆజ్ఞ ఇస్తారు. 00సి అనేది ఆ కల్పిత రీడరు చిరునామా. అట్టలు చదువబడతాయి, లినక్స్ కళ్ళు తెరుస్తుంది.

కళ్ళు తెరిచినా దానితో మాట్లాడడం తేలిక కాదు. 3270 అనే పాత పద్ధతి తెరపై వాక్యం వెంట వాక్యం మాత్రమే వస్తుంది, వి.ఐ. వంటి ఎడిటరు అక్కడ పనిచేయదు. కనుక మొట్టమొదట నెట్‌వర్కు ఏర్పరచుకొని, ఎస్.ఎస్.హెచ్. ద్వారా లోపలికి ప్రవేశించి మిగిలిన పని చేస్తారు. ఆ నెట్‌వర్కు కార్డుకు ఒక చిరునామా చాలదు, మూడు కావాలి: చదవడానికి ఒకటి, వ్రాయడానికి ఒకటి, సమాచారం సాగడానికి ఒకటి. ఉదాహరణకు 0600, 0601, 0602.

డిస్కుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మెయిన్‌ఫ్రేమ్ డిస్కును డాస్డ్ అంటారు. అది కంటికి కనబడినంత మాత్రాన వాడుకకు రాదు. ముందు ఆన్‌లైనులోకి పిలవాలి, పిమ్మట ‘డాస్డ్‌ఫ్మ్‌ట్’ అనే ఆజ్ఞతో దున్ని చదును చేయాలి, ‘ఎఫ్‌డాస్డ్’తో భాగాలు చేయాలి. భాగాలు మూడింటికి మించరాదు. ఇక్కడొక ప్రమాదం పొంచి ఉన్నది. లినక్స్ ఈ డిస్కులకు డాస్డ్‌-ఎ, డాస్డ్‌-బి అని పేర్లు పెట్టేది అవి ఆన్‌లైనులోకి వచ్చిన వరుసను బట్టి. నిన్నటి ‘బి’ నేడు ‘సి’ కావచ్చు. పేరు నమ్మి చదును చేస్తే పోయేది వేరొక డిస్కు, అందులోని లెక్కలు. అందువలన అసలైన చిరునామాను ‘ఎల్‌ఎస్‌డాస్డ్’తో సరిచూచిన తరువాతనే ఆజ్ఞ ఇవ్వాలి. అట్లే కెర్నల్ మార్చిన ప్రతిసారి ‘జడ్ఐపిఎల్’ అనే ఆజ్ఞను నడపాలి. అది మరిచినవాడికి తప్పు ఆ రోజు తెలియదు; ఎన్నో వారాల తరువాత యంత్రం మళ్ళీ లేపిన రాత్రి తెలుస్తుంది.

స్థాపన ఒక పూట పని, నిర్వహణ నిత్యకృత్యం. అందులో కొత్తవారికి మింగుడు పడనిది మెమరీ సంగతి. మన ఇంటి కంప్యూటరులో మెమరీ ఎంత ఎక్కువైతే అంత మేలు. లినక్స్ కూడా ఖాళీగా ఉన్న మెమరీని ఊరక ఉంచక, డిస్కునుండి చదివిన ఫైళ్ళ ప్రతులను అందులో దాచుకొంటుంది. ఒక్కటే ఉన్నచోట అది తెలివి. వంద అతిథులు ఒకే మెమరీ పంచుకొంటున్న చోట, ప్రతి ఒక్కరూ కరువు వచ్చినట్లు మూటలు కట్టుకొంటే మేస్త్రీ ఆ మూటలను డిస్కుకు మోయడంతోనే సరిపోతుంది. కనుక అనుభవం గల నిర్వాహకుడు అతిథికి అడిగినంత ఇవ్వడు. కొద్దిగా ఇరుకుగా ఉండేటట్లు, అప్పుడప్పుడు స్వాప్ తాకేటట్లు కొలిచి ఇస్తాడు. ఈ కొలతపై అడిగేవారికీ ఇచ్చేవారికీ తగవు సహజం.

రెండవ చిక్కు తొలినాళ్ళలో వచ్చి పరిష్కారమైనది, అయినా చెప్పుకోదగినది. అప్పటి లినక్స్ పని ఉన్నా లేకున్నా సెకనుకు 100 మార్లు లేచి ఏదైనా పని ఉన్నదా అని చూచుకొనేది. వంద అతిథులుంటే సెకనుకు 10,000 మార్లు. ఆగి ఉన్న సాంచెలన్నీ కార్మికుణ్ణి నిమిషం తీరిక లేకుండా పిలిస్తే, నడిచే సాంచెల గతి ఏమి కావాలి? అవసరమైనపుడే మేల్కొనేటట్లు కెర్నల్‌ను మార్చిన తరువాత గాని ఆ బాధ తీరలేదు.

ఇప్పుడు అక్షరాల సంగతి. మన సంచిక ఉర్దూ భాగం కుడి అట్ట నుండి, తెలుగు భాగం ఎడమ అట్ట నుండి మొదలవుతుంది. యంత్రాలలోనూ ఇటువంటి రెండు సంప్రదాయాలున్నవి. 1964 అన్న సంఖ్యను రెండు బైట్లలో వ్రాస్తే అవి 7, 172 (7ను 256తో హెచ్చించి 172 కలిపి చూడండి). మెయిన్‌ఫ్రేమ్ పెద్దదైన 7ను ముందు వ్రాస్తుంది. మన బల్లమీది ఇంటెల్ యంత్రం 172ను ముందు వ్రాస్తుంది. ఒకరు వ్రాసినది రెండవవారు తమ పద్ధతిలో చదివితే 1964 కాస్తా 44,039 అవుతుంది. ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి లెక్కలు తరలించేవారు ముందుగా భయపడవలసినది దీనికే.

అక్షరాలదీ ఇటువంటి కథయే. మెయిన్‌ఫ్రేమ్ సొంత వ్యవస్థలు ఎబ్‌సి‌డిక్ అనే పట్టికలో అక్షరాలను వ్రాస్తాయి. లినక్స్ ఆస్కీ, దానిని విస్తరించిన యూనికోడ్ వాడుతుంది. ఫైలును అక్షరంగా పంపితే దారిలో ఒక పట్టిక నుండి మరొక పట్టికకు తర్జుమా జరుగుతుంది. ఆజ్ఞల ఫైలుకు అది కావలసినదే; కెర్నల్‌కు అదే జరిగితే బైట్లు మారి ఫైలు చెడిపోతుంది. ఎబ్‌సి‌డిక్ మూల పట్టిక రోమను లిపి కొరకు ఏర్పడినది. తక్కిన లిపులకు వేరువేరు పట్టికలు కావలసి వచ్చినవి, రెండు లిపులను ఒకే ఫైలులో కూర్చడం క్లిష్టం. లినక్స్‌లో ఆ కష్టం లేదు. తెలుగు ‘అమ్మ’ యూనికోడ్‌లో నాలుగు సంకేతాలు, యు.టి.ఎఫ్.-8లో 12 బైట్లు. ఉర్దూ ‘మాఁ’ మీమ్, అలిఫ్, నూన్ గున్నా అని మూడు సంకేతాలు, 6 బైట్లు. రెండూ ఒకే వరుసలో నిశ్చింతగా ఉంటాయి. 2005లో హైదరాబాదులో ఆరంభమైన స్వేచ్ఛ సంస్థ లినక్స్‌ను తెలుగు మాటలలోకి తెచ్చింది కనుక, మన భాష ఈ వ్యవస్థకు అపరిచితం కాదు.

మొదట వాయిదా వేసిన ప్రశ్నకు ఇప్పుడు వస్తాను. 1999లో రోజర్ బౌలర్ అనే ఆయన హెర్క్యులీస్ అనే ప్రోగ్రామును విడుదల చేశారు. అది మామూలు కంప్యూటరును మెయిన్‌ఫ్రేమ్ వలె నటింపజేస్తుంది. క్యూ.ఇ.ఎం.యు. అనే మరొక స్వేచ్ఛా ప్రోగ్రాము కూడా అదే పని చేయగలదు. రెండూ ఉచితం. వాటిపై డెబియన్ వారి మెయిన్‌ఫ్రేమ్ లినక్స్‌ను నెలకొల్పవచ్చు. వేగం ఉండదు, స్థాపనకు సగం రోజు పట్టినా విసుగు చెందరాదు. జెడ్‌/వి.ఎం. మాత్రం లైసెన్సు లేనిదే వాడరాదు, దొంగ ప్రతికి ఆశపడవద్దు. దాని పూర్వరూపమైన వి.ఎం./370 అందరికీ అందుబాటులో ఉన్నది. ఆధునిక లినక్స్ దానిపై నడవదు, అయినా అతిథుల పట్టిక, కల్పిత అట్టలు, రీడరు అన్నీ అందులోనే నేర్చుకోవచ్చు. కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపం ఇంతే: కొత్త యంత్రం అక్కరలేదు. ఒక పాత కంప్యూటరును విద్యార్థుల కొరకు విడిగా ఉంచి, పాడైతే మళ్ళీ మొదటినుండి నెలకొల్పుకొనే అనుమతి వారికి ఇవ్వండి. డిస్కు పేరు తప్పుగా చదివి చదును చేసే తప్పు ఆ యంత్రంపై చేస్తే పోయేది ఒక మధ్యాహ్నం మాత్రమే. ఉత్సాహం గలవారు మొదటి పాఠంగా వి.ఎం./370లో తమ పేరు గల చిన్న ఫైలును 80 గళ్ళ అట్టగా పొడిచి, రీడరు నుండి తిరిగి చదివి చూడవచ్చును.