వాన ఆపినచోట ఆగే బండి

న్యూజిలాండ్ దక్షిణ దీవికి పడమటి అంచున, ఒక పక్క టాస్మన్ సముద్రం, ఇంకో పక్క సదరన్ ఆల్ప్స్ కొండలు నొక్కిపట్టిన సన్నటి నేల ఒకటుంది. పొడవు సుమారు ఆరు వందల కిలోమీటర్లు. జనాభా 33 వేలకు అటూ ఇటూ. మన దగ్గర ఓ చిన్న మండలంలో అంతమంది ఉంటారు. దీని పేరు వెస్ట్‌కోస్ట్. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లు మాత్రం ఉత్తినే ‘కోస్ట్’ అంటారు, తమను ‘కోస్టర్లు’ అని చెప్పుకుంటారు. దేశంలోకెల్లా ఎత్తయిన ఆవోరాకి శిఖరం 3,724 మీటర్లు. అక్కణ్నుంచి ఈ సముద్రం నలభై కిలోమీటర్లు కూడా ఉండదు.

అంత దగ్గర్లో అంత ఎత్తు గోడ లేస్తే, సముద్రం మీంచి వచ్చిన మబ్బు దాటిపోయేదెక్కడికి? అక్కడే కుమ్మరిస్తుంది. విశాఖపట్నంలో ఏడాదికి కురిసేది దాదాపు వెయ్యి మిల్లీమీటర్లు. ఈ తీరంలోని హోకిటికా పట్నంలో 2,900 వరకూ పడుతుంది. ఆ ఊరి వెనక కొండల్లో, క్రాప్ నది పుట్టేచోట 11,000 మిల్లీమీటర్లు దాటుతుంది. ఇక్కడి అడవి, మంచునదులు, ఏటి ఇసకలో దొరికిన బంగారం, వరదకు కొట్టుకుపోయే వంతెనలు అన్నీ ఆ వాన పెట్టుబడే.

అందుకే ఈ తీరానికి మోటర్‌హోమ్‌ను మించిన బండి లేదని నా గట్టి నమ్మకం. హోటల్ గదులు ముందే బుక్ చేసుకుని, రాత్రికి ఒక ఊరు చొప్పున లెక్కేసుకుని వచ్చినవాళ్లు చాలాసార్లు మబ్బును మాత్రమే చూసి వెళ్లిపోతారు. వాన ఎప్పుడు తెరిపిస్తుందో, కొండ ఎప్పుడు బయటపడుతుందో ఎవరూ చెప్పలేరు. మంచం, పొయ్యి, నీళ్లు వెంట ఉన్నవాళ్లు పక్కకు తీసి ఆగొచ్చు. టీ పెట్టుకుని, పైకప్పు మీద చినుకుల మోత వింటూ రేపటిదాకా కూర్చోవచ్చు. మాకు అలా ఆగినప్పుడే ఈ తీరం కనిపించింది.

బండి గురించి కాస్త వివరంగా చెప్పాలి. మనలాగే అక్కడా ఎడమ పక్క నడపడం కాబట్టి, హైదరాబాద్ నుంచి వెళ్లినవాళ్లకైనా, ఆక్లండ్‌లో స్థిరపడిన తెలుగువాళ్లకైనా స్టీరింగ్ దగ్గర తికమక ఉండదు. అలవాటు కావాల్సింది ఇంటిపనే. మంచినీళ్లకు ఒక ట్యాంకు, గిన్నెలు కడిగిన నీళ్లు చేరడానికి ఇంకొకటి, వంటకు గ్యాస్ సిలిండర్, దీపాలకు వేరే బ్యాటరీ. టాయిలెట్ కింద సూట్‌కేసంత పెట్టె ఉంటుంది, దాన్ని క్యాసెట్ అంటారు. బండి బయటి పక్కనున్న చిన్న తలుపు తెరిచి క్యాసెట్‌ను లాగి, ఊళ్లో డంప్ స్టేషన్‌కు తీసుకెళ్లి ఖాళీ చేసి, కడిగి, మందు పోసి మళ్లీ లోపలికి తోయాలి. మొదటిసారి మొహం చిట్లిస్తాం. తర్వాత పళ్లు తోముకున్నంత మామూలైపోతుంది.

ఆ పనిని నేను చిన్నగా చూడను. ఒకప్పుడు వ్యాన్లలో వచ్చినవాళ్లు ఏటి ఒడ్లనూ అడవి అంచులనూ మరుగుదొడ్లుగా వాడేసి వెళ్లిపోతుంటే ఊళ్లవాళ్లు విసిగిపోయారు. చివరికి 2023లో చట్టం వచ్చింది. బండిలో బిగించిన టాయిలెట్ ఉండాలి, తనిఖీ చేసి ఇచ్చిన పచ్చ కార్డు అద్దం మీద కనిపించాలి. మామూలుగా అప్పుడే స్థానిక కౌన్సిల్ స్థలాల్లో డబ్బు కట్టకుండా రాత్రి ఆగే వీలుంటుంది. 33 వేలమంది పన్నులతో నడిచే ప్రాంతానికి లక్షలమంది అతిథులు వస్తారు. తన మురుగును తను మోసుకెళ్లడం అతిథి ఇవ్వాల్సిన కనీస మర్యాద.

ఉత్తరాన వెస్ట్‌పోర్ట్ దగ్గర కేప్ ఫౌల్‌విండ్‌తో మొదలుపెడితే బాగుంటుంది. 1770లో కెప్టెన్ కుక్ ఓడను ఎదురుగాలి ఇక్కడ సతాయించింది, ఆ విసుగు పేరులోనే ఉండిపోయింది. పక్కనే టౌరంగా బే రాళ్ల మీద సీళ్లు పిల్లలతో సహా ఒళ్లు ఆరబెట్టుకుంటుంటాయి. అక్కణ్నుంచి దక్షిణంగా రోడ్డు సముద్రాన్ని ఒరుసుకుంటూ పునకైకి చేరుతుంది. సముద్రం అడుగున మూడు కోట్ల ఏళ్ల కిందట పేరుకున్న సున్నపురాయి ఇక్కడ పలకలు పలకలుగా, అట్లు దొంతర పెట్టినట్టు నిలబడి ఉంటుంది. ఆటుపోట్ల పట్టిక చూసుకుని, నిండు పోటుకు వెళ్లాలి. నైరుతి అల తోడైతే రాతి కింది గుహల్లోకి నీళ్లు దూరి గుమ్మని మోగుతాయి. ఆ మోత ముందు అరికాళ్లకు తెలుస్తుంది. ఒక్క క్షణం తర్వాత రాతి చీలికలోంచి నీటిపొగ మనిషి ఎత్తును దాటి లేచి, మొహం మీద ఉప్పగా పడుతుంది. ఆటు సమయంలో వచ్చి ఫొటో తీసుకుని వెళ్లేవాళ్లను చూస్తే, ఇంకొన్ని గంటలు ఆగమని చెప్పాలనిపిస్తుంది.

గ్రేమౌత్ చుట్టుపక్కల నేల కింద బొగ్గు. 1896లో బ్రన్నర్ గనిలో పేలుడు 65 మందిని బలి తీసుకుంది. 2010 నవంబరులో పైక్ రివర్ గనిలో 29 మంది పోయారు. వాళ్ల కుటుంబాల కోరిక మీద ఆ కొండల మీదుగా పాపరోవా కాలిబాట వేశారు. అది మొదలయ్యే బ్లాక్‌బాల్ అనే చిన్న ఊళ్లో 1908లో గని కార్మికులు పావుగంట భోజన విరామాన్ని అరగంట చేయమని పనులు ఆపి, మూడు నెలల దాకా బిగిసి నిలబడి గెలిచారు. సింగరేణి బస్తీల్లో పెరిగినవాళ్లు ఈ ఊరిని దాటేసి పోలేరు.

హోకిటికాలో 1860లలో బంగారం కోసం వేలమంది దిగారు. నదీ ముఖద్వారంలో ఇసకమేటలకు తగిలి ఓడల మీద ఓడలు పగిలాయి. ఎలినర్ కాటన్‌కు 2013లో బుకర్ బహుమతి తెచ్చిన ‘ది లూమినరీస్’ నవల ఆనాటి కథే. అయితే బంగారం కన్నా ఎంతో ముందునుంచీ ఇక్కడ విలువైనది పౌనము, ఆకుపచ్చ రాయి. 1860లో బ్రిటిష్ ప్రభుత్వం ఈ తీరం దాదాపు మొత్తాన్నీ ఇక్కడి మూలవాసులైన మావోరీల పెద్దల దగ్గర 300 పౌండ్లకు కొనేసింది. 1997లో చట్టం చేసి ఆ రాయి మీద హక్కును న్గాయ్ తాహు తెగకు తిరిగి అప్పగించారు. ఊరి బీచ్‌లో తుపానుకు కొట్టుకొచ్చిన మొద్దుల మధ్య జనం వంగి ఇప్పటికీ రాళ్లు ఏరుతుంటారు. వసంతంలో వస్తే ఏటి ఒడ్డున వలలు పట్టుకున్నవాళ్లూ కనిపిస్తారు. వైట్‌బెయిట్ అనే అగ్గిపుల్లంత చేపపిల్లల్ని గుడ్డు సొనలో కలిపి పెనం మీద పోసి, రొట్టె మధ్య పెట్టి ఇస్తారు. ఉప్పు, నిమ్మరసం తప్ప ఇంకేమీ వెయ్యరు. ఆ రుచి బాగుంటుంది, కానీ ఆ చేపల్లో చాలా జాతులు తగ్గిపోతున్నాయి. ఒకసారి తింటే చాలు.

ఇంకాస్త దక్షిణాన ఓకరీటో. మన చెరువుల్లో కనిపించే పెద్ద తెల్లకొంగే అక్కడ కోటుకు. దేశం మొత్తమ్మీద రెండు వందలు కూడా ఉండవు, గూడు కట్టేది ఈ ఒక్కచోటే. దాన్ని రెండు డాలర్ల నాణెం మీద ముద్రించుకున్నారు. మన ఊరి చెరువులో కొంగలు ఎన్నున్నాయో నేనెప్పుడూ లెక్కపెట్టలేదు. ఇక్కడ బురదలో నిలబడ్డ ఒక్కదాన్ని చూసి చాలాసేపు కదల్లేకపోయాను.

ఫ్రాంజ్ జోసెఫ్‌లో మంచునది వానలో తడిసే అడవి అంచుదాకా దిగివస్తుంది. మావోరీలకు అది హినే హుకటేరే కన్నీళ్లు. హిమపాతంలో ప్రియుణ్ని పోగొట్టుకున్న ఆమె ఏడుపే గడ్డకట్టిందంటారు. 2012 దాకా లోయలోంచి నడిచి మంచు మీదికి ఎక్కేవాళ్లు. మంచు వెనక్కి తగ్గి అంచు కూలిపోతుండటంతో అది ఆపేశారు, ఇప్పుడు హెలికాప్టరే గతి. 2019 మార్చిలో కుండపోతకు ఊరి పక్క వైహో నది వంతెన మొత్తం కొట్టుకుపోయింది. అదే ఏడు పొరుగున ఫాక్స్ మంచునదికి వెళ్లే దారిని కొండచరియలు మింగేశాయి. పైగా ఆల్పైన్ ఫాల్ట్ అనే భూపగులు ఫ్రాంజ్ జోసెఫ్ ఊరి మధ్యలోంచే పోతుంది. వచ్చే యాభై ఏళ్లలో అది పెద్దగా కదిలే అవకాశం 75 శాతమని శాస్త్రవేత్తల అంచనా. అంతా తెలిసే ఇక్కడివాళ్లు దుకాణాలు తెరుస్తున్నారు, పిల్లల్ని బడికి పంపుతున్నారు.

ఫాక్స్ దగ్గరి మాథెసన్ చెరువులో ఆవోరాకి నీడ చూడాలంటే తెల్లవారకముందే వెళ్లాలి. ఆకులు నానిన నీళ్లు టీ రంగులో ఉంటాయి, గాలి లేకపోతే అద్దమే. రెండు ఉదయాలు మబ్బే. మూడో ఉదయం కొండ విప్పుకుంది. రాత్రి బండి అక్కడికి దగ్గర్లోనే ఆపుకున్నాం కాబట్టి అది మాకు దక్కింది.

శాండ్‌ఫ్లైల సంగతి చెప్పకుండా ఈ తీరం గురించి రాయకూడదు. ఆవగింజంత నల్ల ఈగలు, కుట్టేవి ఆడవే. నడుస్తుంటే అంతగా పట్టించుకోవు. నిలబడితే చాలు, చీలమండల చుట్టూ మూగుతాయి. చీకటి పడ్డాక మాయమవుతాయి. తలుపు తీసి వెంటనే మూయడం, పొడుగు చేతుల చొక్కా, సాక్సు. ఇంతే వైద్యం.

ఫాక్స్ దాటాక హాస్ట్ దాకా 120 కిలోమీటర్లు పెట్రోలు బంకు లేదు. ఈ దారికి ముందు ఇక్కడికి విమానం వచ్చింది. హోకిటికా నుంచి 1934లో మొదలైన ఆ సర్వీసు దేశంలో లైసెన్సు తీసుకుని వేళల పట్టిక ప్రకారం నడిచిన మొట్టమొదటి విమాన సర్వీసు. రోడ్డు మాత్రం 1965లో గానీ కలవలేదు. కలిసినచోటు నైట్స్ పాయింట్, సర్వేయరు పెంచుకున్న కుక్క పేరది. దారిలో ఒక్క వరస వంతెనలు చాలానే వస్తాయి. మనవైపు బాణం ఎర్రగా, చిన్నగా ఉంటే ఎదుటి బండికి దారివ్వాలి. హాస్ట్ నది మీది వంతెన 737 మీటర్లు, అదీ ఒక్క వరసే. ఎదురొచ్చిన బండి కోసం మధ్యలో రెండుచోట్ల వెడల్పు చేశారు. దారిచ్చినందుకు అవతలివాళ్లు స్టీరింగ్ మీంచి ఒక వేలు లేపుతారు. మనమూ లేపాలి.

హాస్ట్ దగ్గర దారి చీలుతుంది. అందరూ కనుమ ఎక్కి వానాకా వైపు పోతారు. కొండ దాటగానే వాన తగ్గిపోయి గడ్డి పసుపురంగుకు తిరుగుతుంది. సమయముంటే అటు తిరగకుండా దక్షిణంగా ఇంకో యాభై కిలోమీటర్లు, రోడ్డు ఆగిపోయే జాక్సన్ బే దాకా వెళ్లండి. చేపల పడవలు, ఒక పాత రేవు, నాలుగు ఇళ్లు, వెనక కొండ. బంకు లేదు, తిరిగి రావాల్సింది వెళ్లిన దారినే. ఇంధనం, మంచినీళ్లు రెండూ హాస్ట్‌లోనే నింపుకోండి.