సిగ్నల్ లేని అడవిలో ఉపగ్రహం ఆదుకుంటుందా?

వానాకాలం మొదలైతే చాలు, ఆదిలాబాద్ జిల్లా కుంటాల, పొచ్చెరల నుంచి లింగాపూర్ వైపు మిట్టె జలపాతం దాకా, కరీంనగర్ జిల్లాలో రాయికల్ జలపాతం దాకా జనం బారులు తీరుతారు. వీటిలో చాలాచోట్లకు చేరకముందే ఫోన్లో సిగ్నల్ గీతలు మాయమవుతాయి. అయినా కొత్త ఫోన్ ఉన్నవారిలో ఒక ధీమా కనిపిస్తోంది: టవర్ లేకపోతేనేం, ఇప్పుడు మెసేజ్ నేరుగా శాటిలైట్‌కే పోతుంది కదా అని. ఈ మాటలో సగం నిజం ఉంది, ప్రమాదమంతా ఆ సగంలోనే ఉంది. ఉపగ్రహ సందేశం వెళ్లాలంటే దానికి తగిన ఫోన్, పైన ఉపగ్రహం, ఆ దేశంలో అనుమతి, తల మీద అడ్డులేని ఆకాశం, అవతల అందుకునే మనిషి, ఈ అయిదూ ఒకేసారి కుదరాలి. ఆదిలాబాద్ వైపు కవ్వాల్ అడవిలో నిలబడ్డ ప్రయాణికుడికి ఈరోజు ఇవన్నీ కలిసిరావు.

ముందు ఫోన్ సంగతి. ఆపిల్ సంస్థ 2022 నవంబరులో ఐఫోన్ 14తో అమెరికా, కెనడాల్లో ఉపగ్రహ అత్యవసర సందేశ సేవ మొదలుపెట్టింది. గూగుల్ 2024లో పిక్సెల్ 9తో అమెరికాలో అదే బాట పట్టింది. 2025లో స్టార్‌లింక్, టీ-మొబైల్ కలిసి మామూలు 4జీ ఫోన్లకు సైతం అక్కడ సందేశాలు అందించాయి. ఈ వార్తలన్నీ మన ఫోన్లలో చదివాం కాబట్టి సేవ కూడా మన దగ్గరికి వచ్చేసిందనుకోవడం సహజమే. కానీ ఆపిల్ సేవ దొరికే దేశాల జాబితాలో భారత్ లేదు. జగిత్యాల, కరీంనగర్ ఇళ్లకు అమెరికా నుంచి పిల్లలు పంపే ఐఫోన్లకూ ఇదే వర్తిస్తుంది. ఫోన్ అమెరికాలో కొన్నదే అయినా, ఎక్కడ నిలబడి వాడుతున్నారన్నదే లెక్క. స్టార్‌లింక్‌కు 2025 జూన్‌లో మన దేశంలో లైసెన్స్ వచ్చిన మాట నిజమే, అయితే అది డిష్ పెట్టుకుని వాడే ఇంటర్నెట్ కోసం. జేబులో ఫోన్‌కు దానితో సంబంధం లేదు.

ఇంతకన్నా పాత అపోహలు రెండున్నాయి. అడవిలో కూడా మ్యాప్ మీద నీలం చుక్క కదులుతోంది కాబట్టి ఫోన్ ఉపగ్రహంతో మాట్లాడుతోందని కొందరి నమ్మకం. జీపీఎస్‌లో ఫోన్ వింటుందే తప్ప మాట్లాడదు. మనం ఎక్కడున్నామో మనకు తెలుస్తుంది, ఇంకెవరికీ తెలియదు. రెండోది, అత్యవసర నంబరు 112కు సిగ్నల్ లేకపోయినా కాల్ కలుస్తుందన్నది. మన సిమ్ కంపెనీ టవర్ లేనప్పుడు దగ్గర్లోని వేరే కంపెనీ టవర్ ద్వారా 112 కలవవచ్చు. ఏ టవరూ అందని లోయలో అది కూడా కలవదు.

త్వరలో వచ్చేస్తుందిగా అంటారు. రావచ్చు. 2024 అక్టోబరులో బీఎస్ఎన్ఎల్, వయాశాట్ కలిసి భారత్‌లోనే ఉపగ్రహం ద్వారా రెండువైపులా సందేశాలు పంపి చూపించాయి. 2025 డిసెంబరు 24న ఇస్రో ఎల్‌వీఎం3 రాకెట్ మోసుకెళ్లిన బ్లూబర్డ్ ఉపగ్రహం నేరుగా మొబైల్ ఫోన్లతో పనిచేయడానికి తయారైనదే. కానీ ప్రదర్శన వేరు, అడవిలో ప్రతి ఫోన్‌కూ అందే సేవ వేరు. బీఎస్ఎన్ఎల్ పద్ధతికి ఉపగ్రహ సంకేతాలను అర్థం చేసుకునే కొత్త చిప్ ఉన్న ఫోన్ కావాలి. నాలుగేళ్ల కిందటి ఫోన్‌కు యాప్ ఎక్కించినంత మాత్రాన ఆ శక్తి రాదు. టవర్లే పెరుగుతున్నాయి కదా అన్నదీ బలమైన వాదనే. 2022 జులైలో కేంద్రం 26,316 కోట్ల రూపాయలతో 24,680 మారుమూల గ్రామాలకు 4జీ అందించే పథకాన్ని ఆమోదించింది. అయితే టవర్ వేసేది జనం ఉండే గూడేల కోసం. జలపాతం కింది మడుగు ఏ గ్రామం లెక్కలోకీ రాదు.

సేవ వచ్చాక కూడా ఆకాశం సంగతి మిగిలే ఉంటుంది. వాన పడితే డిష్ టీవీ ఆగినట్టే ఇదీ ఆగుతుందని చాలామంది అనుకుంటారు. వయాశాట్ లాంటి సంస్థల ఉపగ్రహాలు ఫోన్లకు వాడే ఎల్-బ్యాండ్ తరంగాలను వాన పెద్దగా అడ్డుకోదు. అడ్డుకునేది చెట్టు. అడ్డులేని ఆకాశం కింద అర నిమిషంలో వెళ్లే సందేశం పలచటి ఆకుల కింద నిమిషం పైగా తీసుకోవచ్చనీ, దట్టమైన ఆకుల కింద అసలు కలవకపోవచ్చనీ ఆపిలే చెబుతుంది. ఇక మన టేకు అడవుల తీరు చూడండి: ఎండాకాలంలో మోడువారి ఆకాశమంతా చూపిస్తాయి, జూన్ దాటాక వెడల్పాటి ఆకులతో కప్పేస్తాయి. జలపాతాలు పారేదీ, వాగులు పొంగేదీ, మనుషులు చిక్కుకునేదీ సరిగ్గా అప్పుడే. పైగా వయాశాట్ వాడే భూస్థిర ఉపగ్రహం భూమధ్యరేఖకు 36 వేల కిలోమీటర్ల పైన ఉంటుంది. అంటే ఆదిలాబాద్ నుంచి చూస్తే దక్షిణం వైపు. దక్షిణాన నిటారుగా లేచిన రాతిగోడ కింద ఉన్నవారికి అది కనిపించదు.

అలాగైతే గల్ఫ్ నుంచి శాటిలైట్ ఫోన్ తెప్పించుకుంటే సరి అనుకునేవారికి ఒక హెచ్చరిక. తురాయా ఫోన్ దుబాయి వైపు మామూలే, ఇక్కడ నేరం. 26/11 ముంబై దాడుల్లో ఉగ్రవాదులు ఉపగ్రహ ఫోన్లు వాడిన తర్వాత ఆంక్షలు బిగిశాయి. అనుమతి లేకుండా తురాయా, ఇరిడియం పరికరాలు దగ్గరుంచుకోకూడదు. సందేశాలు మాత్రమే పంపే గార్మిన్ ఇన్‌రీచ్‌కూ మినహాయింపు లేదు. 2024 డిసెంబరులో ఒక కెనడా మహిళను గోవా విమానాశ్రయంలో దానితోనే పట్టుకున్నారు. చట్టబద్ధంగా కావాలంటే బీఎస్ఎన్ఎల్ 2017లో ఇన్‌మార్‌శాట్‌తో తెచ్చిన ఉపగ్రహ ఫోన్ సేవ ఉంది, దానికీ అనుమతులు కావాలి. ప్రాణం కాపాడే పరికరానికి ఇంత కట్టడా అన్న అభ్యంతరం న్యాయమైనదే. సందేశాలకే పరిమితమైన పరికరాలకు నమోదు పద్ధతిలో సడలింపు ఇవ్వవచ్చు. సముద్రంలో మత్స్యకారులకు ఇస్రో ఆపద సంకేత పరికరాలు ఇచ్చినప్పుడు అడవిలో తిరిగేవారికి ఇవ్వలేమనడానికి కారణం కనబడదు. కానీ చట్టం మారేదాకా, ప్రాణహిత నది అవతల మావోయిస్టు ప్రాంతంగా పేరుపడ్డ గడ్చిరోలి ఉన్న సరిహద్దులో అలాంటి పరికరంతో దొరికితే పర్యాటకుడినని చెప్పుకోవడం తేలిక కాదు.

చివరిది, సందేశం చేరితే సాయం చేరినట్టే అన్న భ్రమ. 2023 జులైలో ములుగు జిల్లా ముత్యంధార జలపాతం దగ్గర వాగు పొంగి దాదాపు 80 మంది అడవిలో చిక్కుకున్నారు. వాళ్లు ఫోన్‌లో సమాచారం అందించగలిగారు. అయినా రక్షక బృందాలు పొంగే వాగులు దాటి వాళ్లను చేరేసరికి రాత్రి గడిచింది. కాబట్టి అడవిలోకి వెళ్లేముందు ఏ జలపాతానికి పోతున్నారో, ఎన్ని గంటలకు తిరిగొస్తారో ఇంట్లో ఒకరికీ, దారిలోని ఊళ్లో లేదా అటవీశాఖ చెక్‌పోస్టులో ఒకరికీ చెప్పండి. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, సిగ్నల్ ఆఖరిసారి ఎక్కడ అందిందో గుర్తుపెట్టుకోండి, వాగు నీళ్లు రంగు మారితే వెంటనే వెనక్కి తిరగండి.